పాత కారు కొంటున్నారా? కాగితాలు మీరే చదవండి



తణుకు నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. "మేము పాత కారు కొనాలనుకుంటున్నాం. మూడున్నర లక్షలు చెబుతున్నారు. అందులో రెండు లక్షలు నేను చీటీ పాడిన డబ్బు. మావారూ, మరిదీ వెళ్ళి చూసొచ్చి రంగు బాగుంది, ఏ.సి. బాగుంది అన్నారు. నేనేమైనా అడిగితే 'బండి సంగతి నీకేం తెలుసు' అంటున్నారు. పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని తిరగాల్సిన బండి కదండీ. మనబోటి వాళ్ళం చూడగలిగినవి ఏమైనా ఉంటే రాయండి" అని అడిగింది.

చాలామంది ఇళ్ళల్లో ఇదే వరస. డబ్బు దగ్గర మనం కావాలి, బేరం దగ్గర అక్కర్లేదు. అయినా గొడవ పడక్కర్లేదు. ఇంజను సంగతి మనకి తెలియకపోవచ్చు. కాగితం చదవడం తెలుసు కదా! పాలవాడి లెక్క, చీటీల పుస్తకం, పిల్లల స్కూలు ఫీజు రసీదులు అన్నీ చూసేది మనమే. పాత కారు విషయంలో సగం నిజం బండి మీద కాదు, కాగితాల్లో ఉంటుంది. ఆ సగం మనం చూసిపెడితే మిగతా సగం మెకానిక్ చూస్తాడు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. మా పెదనాన్నగారి మనవడు ఇంగ్లండులో చదువుకుంటూ అక్కడ ఒక పాత కారు కొన్నాడు. అక్కడ కారుకి మూడేళ్ళు నిండాక ఏటేటా తనిఖీ చేయించాలి. దాన్ని ఎం.ఓ.టి. పరీక్ష అంటారు. బ్రేకులు, టైర్లు, లైట్లు, సీటు బెల్టులు, కింద తుప్పు అన్నీ చూసి పాసో ఫెయిలో రాస్తారు. ఆ చరిత్రంతా ప్రభుత్వం వాళ్ళ వెబ్‌సైటులో ఉంటుంది. బండి నంబరు కొడితే చాలు, పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చూసుకోవచ్చు. 2005 నుంచి రికార్డులున్నాయి. ఏ ఏడు ఎన్ని మైళ్ళు తిరిగింది, ఎందుకు ఫెయిల్ అయింది, ఇప్పటికి పాసే గానీ ఫలానాది అరుగుతోంది జాగ్రత్త, ఇలా అన్నీ ఉంటాయి. మావాడు నాలుగు బండ్లు చూసి మూడు వద్దనుకున్నాడు. ఒక దానికి ఏటా అదే బ్రేకు పైపు తుప్పు అని రాస్తూనే ఉన్నారట, బాగు చేయించిన వాళ్ళు లేరు. ఇంకో దానికి మైళ్ళు ఒక ఏడు వెనక్కి తగ్గాయట! బండి వెనక్కి నడిచినా మీటరు తగ్గదు కదండీ, ఎవరో తిప్పారన్నమాట.

మరి మన దగ్గర? సొంత వాడకం కారుకి కొన్న రోజు నుంచి పదిహేనేళ్ళ దాకా రిజిస్ట్రేషన్ చెల్లుతుంది. ఆ పదిహేనేళ్ళలో ఏటేటా బ్రేకు తొక్కి చూసే ప్రభుత్వ తనిఖీ ఏదీ లేదు. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే అప్పుడు బండి చూపించాలి. అది ఐదేళ్ళకి ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 5,000 రూపాయలు చేశారు, గ్రీన్ టాక్స్ వేరే. కాబట్టి 14 ఏళ్ళ బండిని చవగ్గా వస్తోందని కొంటే, ఏడాది తిరక్కుండా ఈ ఖర్చు మన నెత్తిన పడుతుందని గుర్తుంచుకోండి.

కొంతమంది "పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అమ్మా, బండి ఫిట్‌గా ఉన్నట్టే" అంటారు. నమ్మకండి. అది పొగ గొట్టం దగ్గర పొగ చూసి ఇచ్చే కాగితం. కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు, ఆ తర్వాత బి.ఎస్.4, బి.ఎస్.6 బండ్లకి ఏడాదికోసారి, అంతకన్నా పాత వాటికి ఆర్నెల్లకోసారి తీసుకోవాలి. బ్రేకుకీ దానికీ సంబంధం లేదు.

అందుకని తనిఖీ చరిత్ర ఒక్క చోట దొరకని మన దేశంలో, దాన్ని మనమే నాలుగైదు కాగితాల్లోంచి పోగు చేసుకోవాలి. ఎలాగో వరసగా చెబుతాను.

మొదటిది ఆర్.సి.

జిరాక్సు కాదు, అసలుది చూపించమనండి. అందులో పేరు అమ్మే మనిషిదేనా చూడండి. "మా బావమరిది పేరు మీద ఉంది, అతను దుబాయిలో ఉన్నాడు" అంటే ఆ దుబాయి ఆయనతో మాట్లాడాకే ముందుకి వెళ్ళాలి. తయారైన నెల, సంవత్సరం, రిజిస్టర్ అయిన తేదీ రెండూ ఉంటాయి. 2018 చివర్లో తయారై 2019 జూన్‌లో రిజిస్టర్ అయిన బండిని 2019 మోడల్ అని అమ్ముతారు. తప్పేం కాదుగానీ ధర మాత్రం 2018 బండిదే ఇవ్వాలి. ఎన్నో ఓనరో కూడా చూడండి.

పరివాహన్ వెబ్‌సైటులోగానీ, ఎమ్ పరివాహన్ యాప్‌లోగానీ, మన రాష్ట్ర రవాణా శాఖ సైటులోగానీ నంబరు కొట్టి చూస్తే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, పొల్యూషన్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తుంది. ఇంటర్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే చిటికెలో చూసిపెడతారు. అలాగే పోలీసుల ఇ-చలానా పేజీలో కూడా నంబరు కొట్టండి. సిగ్నల్ దాటిన చలానాలు, అతివేగం చలానాలు డజను ఉన్నాయనుకోండి, కట్టాల్సిన డబ్బు ఒక్కటే కాదు, ఆ బండిని ఎలా నడిపారో కూడా తెలిసిపోతుంది.

ఫైనాన్స్ తీరిపోయిందంటే నోటి మాట చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్.ఓ.సి., ఫారం 35 రెండూ ఉండాలి. ఆర్.సి.లో బ్యాంకు పేరు కొట్టివేయించే పూచీ అమ్మేవాళ్ళదేనని ముందే మాట్లాడుకోండి.

చాసిస్ నంబరు ఆర్.సి.లో ఉన్నది, బండి మీద చెక్కి ఉన్నది అక్షరం అక్షరం కలవాలి. బోనెట్ కిందో, సీటు కిందో ఉంటుంది, మోడల్ని బట్టి. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద ఇలాగే రుద్దేవాళ్ళం కదా.

రెండోది ఇన్సూరెన్స్ పాలసీ

ఇది అసలైన రహస్యాల పెట్టె. చాలామంది తేదీ చూసి వదిలేస్తారు. లోపల "నో క్లెయిం బోనస్" అని ఒక గడి ఉంటుంది, అది చూడండి. ఏడాదంతా సొంత బండి డామేజీకి క్లెయిం చెయ్యకుండా ఉంటే మరుసటి ఏడు పాలసీలో 20 శాతం తగ్గింపు ఇస్తారు. వరసగా రెండేళ్ళయితే 25, మూడేళ్ళకి 35, నాలుగేళ్ళకి 45, ఐదేళ్ళకి 50 శాతం. ఒక్క క్లెయిం చేస్తే మళ్ళీ సున్నాకి వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒకే ఓనరు, ఆరేళ్ళ బండి, "ఒక్క గీత పడలేదమ్మా" అంటున్నాడు. పాలసీలో చూస్తే సున్నా ఉంది. గీత పడకపోతే యాభై శాతం ఏమైనట్టు? అలా అడగండి. సమాధానం ఉండవచ్చు కూడా. పాలసీ అయిపోయాక 90 రోజులు దాటి కట్టినా ఈ తగ్గింపు పోతుంది. బండి చేతులు మారితే కూడా పోతుంది. ఎందుకంటే ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత ఓనరు తన కొత్త బండికి తీసుకెళ్ళిపోతాడు. ఇదే కారణంగా రెండేళ్ళ బండికి 50 శాతం కనిపిస్తే ఆశ్చర్యపోకండి, పాత బండి నుంచి తెచ్చుకున్నదై ఉంటుంది. కాబట్టి ఒక్క ఏడుది కాదు, మూడేళ్ళ పాలసీలు పక్కపక్కన పెట్టి చూస్తే కథ తెలుస్తుంది. క్లెయిం చేశామని ఒప్పుకుంటే ఆ బిల్లు చూపించమనండి. బంపరు మార్చారా, లేక ముందు భాగమంతా మార్చారా అన్నది బిల్లులో ఉంటుంది. బంపరు మార్చిన బండి మంచిదే.

పాలసీ థర్డ్ పార్టీ ఒక్కటే అయితే అందులో ఈ గడి ఉండదు. అప్పుడు వెనకటి పూర్తి పాలసీలు అడగాలి.

మూడోది సర్వీసు రికార్డు

ఇంగ్లండు వాళ్ళ తనిఖీ చరిత్రకి మన దగ్గర అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. కంపెనీ సర్వీసు సెంటర్‌కి వెళ్ళిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు అన్నీ వాళ్ళ కంప్యూటర్లో ఎక్కుతాయి. అమ్మేవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ కాగితం తీయించండి. తీసుకున్నాక వంటింటి టేబులు దగ్గర కూర్చుని, తేదీలు ఒక వరసలో, కిలోమీటర్లు ఒక వరసలో రాసుకోండి.

2020లో 21,000, 2022లో 58,000 అని ఉండి, ఇవాళ మీటరు 46,000 చూపిస్తోందనుకోండి. ఇంక ఏమీ అడగక్కర్లేదు, నమస్కారం పెట్టి లేచి వచ్చేయడమే. తేదీల మధ్య రెండేళ్ళు ఖాళీ ఉంటే బయట మెకానిక్ బిల్లులు అడగండి. ఒకే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వచ్చిందా చూడండి. "స్టీరింగ్ ఒక పక్కకి లాగుతోంది" అని మూడుసార్లు రాసి ఉంటే ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుని ఉండవచ్చు. బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారు, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్చారు అన్నవి గీత గీసి పెట్టుకోండి.

టాక్సీ బండ్ల సంగతి

టాక్సీగా తిరిగిన బండి మాత్రం తనిఖీ తప్పించుకోలేదు. పసుపు నంబరు ప్లేటు బండ్లకి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలని నిబంధన. ఇలాంటి బండ్లని తెల్ల ప్లేటుకి మార్పించి అమ్ముతుంటారు. మార్పించడం చట్టప్రకారమే, చెప్పకుండా అమ్మడమే అన్యాయం. నాలుగేళ్ళలో రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండికి సీటు కవర్లు మార్చి మీ ముందు పెడితే ఎలా? ఆర్.సి.లోనూ, పాత ఇన్సూరెన్స్‌లోనూ "ట్రాన్స్‌పోర్ట్" అని గానీ, "కాబ్" అని గానీ ఉందేమో చూడండి. ఉంటే పాత ఫిట్‌నెస్ కాగితాలు కూడా అడగండి.

నీళ్ళలో మునిగిన బండి

2015 డిసెంబరులో మద్రాసు మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కలంతా నీళ్ళలో ఉండిపోయింది. అన్నిచోట్లా కార్లూ మునిగాయి. మునిగిన బండ్లన్నీ తుక్కుకి పోవు. కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి వేరే ఊళ్ళో అమ్మేవాళ్ళుంటారు. ఇప్పటి బండ్ల నిండా వైర్లూ, కంప్యూటర్ డబ్బాలే. ఎయిర్ బ్యాగ్, బ్రేకుల ఎ.బి.ఎస్. అన్నీ వాటి మీదే నడుస్తాయి. తడిసిన వైరు ఇవాళ పని చేస్తుంది, ఆర్నెల్లకి చిలుము పట్టి దారిలో మొరాయిస్తుంది.

నిరుడు మా తోడికోడలు వాళ్ళ అబ్బాయికి బండి చూడడానికి నేనూ వెళ్ళాను. మగవాళ్ళు బోనెట్ ఎత్తి ముచ్చట్లు పెట్టారు. నేను వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు చివరికంటా లాగాను. మొదటి రెండు జానలు శుభ్రంగా ఉంది. ఆ తర్వాత గోధుమ రంగు గీత, దాని కింద ఎండిన బురద. మడత కాబట్టి కడిగినవాడికి అందలేదు. "ఇదేమిటి బాబూ?" అంటే "సర్వీసింగులో నీళ్ళు పడి ఉంటాయండి అమ్మగారూ" అన్నాడు. సర్వీసింగు నీళ్ళల్లో బురద ఉంటుందా? కాళ్ళ కింద పట్టా ఎత్తి చూస్తే సీటు పట్టీలన్నీ తుప్పు. ఆ అబ్బాయి మొహం చిన్నబుచ్చుకున్నాడుగానీ మా తోడికోడలు మాత్రం దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

కాబట్టి సీటు బెల్టులన్నీ చివరికంటా లాగి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంట చూడండి. హెడ్ లైటు అద్దం లోపల చెమ్మ ఉందా చూడండి. తలుపులన్నీ మూసి రెండు నిమిషాలు కూర్చుంటే ముక్కే చెబుతుంది. బియ్యం డబ్బా మూత తియ్యగానే ముక్కిపోయిన వాసన పట్టేసే మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఏమీ లేకుండా గట్టిగా సెంటు వాసన వస్తే అదీ అనుమానమే.

మన కళ్ళతో చూడగలిగినవి మరికొన్ని

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఎయిర్ బ్యాగ్ బొమ్మ దీపం వెలిగి, కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా ప్రమాదం, ఎవరో దాన్ని పీకేసి ఉండవచ్చు. గుద్దుకున్నప్పుడు ఎయిర్ బ్యాగ్ ఒకసారి విచ్చుకుంటే మళ్ళీ కొత్తది వెయ్యాలి, ఖర్చెక్కువ. వెయ్యకుండా మూత అతికించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. సర్వీసు సెంటర్‌లో స్కానర్ పెట్టించి చూపించుకోండి.

2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి చేశారు. పక్క సీటుకి 2021లో కొత్త మోడళ్ళకి మొదలుపెట్టి, 2022 నుంచి అన్నిటికీ తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో చవక మోడల్ అయితే ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. పిల్లలు తిరిగే బండి కాబట్టి ఇది కనుక్కుని మరీ బేరం చెయ్యండి.

టైరు పక్కన నాలుగంకెలు ఒక గడిలో ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. గాళ్ళు లోతుగానే ఉన్నా ఏళ్ళు గడిచిన రబ్బరు బిరుసెక్కుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టప్రకారం ఆ టైరు పనికిరాదు. నాలుగు టైర్లూ మార్చాలంటే ఆ ఖర్చు బేరంలో తగ్గించాలి.

కిటికీ అద్దాల మూలన చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది. అన్నిటికీ ఒకే కంపెనీ ముద్ర ఉండి, ముందు అద్దానికి మాత్రం వేరే ఉంటే అది మార్చిన అద్దం. రాయి తగిలి మారిందా, గుద్దుకుని మారిందా అడగండి. ఇన్సూరెన్స్ కాగితంతో సరిపోల్చండి.

ఇంకొకటి, రీకాల్ అని ఉంటుంది. తయారీలో లోపం బయటపడితే కంపెనీవాళ్ళే బండ్లని వెనక్కి పిలిచి డబ్బు తీసుకోకుండా బాగు చేస్తారు. జపానులోని టకాటా కంపెనీ ఎయిర్ బ్యాగుల లోపం వల్ల ప్రపంచమంతటా కోట్ల బండ్లని ఇలా పిలిచారు, మన దేశంలో కూడా. కంపెనీ వెబ్‌సైటులో చాసిస్ నంబరు కొట్టినా, సర్వీసు సెంటర్‌లో అడిగినా మీ బండికి అలాంటి పని ఏదైనా మిగిలి ఉందేమో చెబుతారు.

ఇవన్నీ అయ్యాక మన తరఫు మెకానిక్‌ని తీసుకెళ్ళాలి. అమ్మేవాళ్ళు చూపించిన మెకానిక్ కాదు. బండిని లిఫ్టు మీద ఎక్కించి కింద నుంచి చూపించండి. అతనికిచ్చే వెయ్యి రెండు వేలకి వెనకాడకండి.

డబ్బు ఇచ్చేటప్పుడు

అడ్వాన్సు కొద్దిగా ఇచ్చి రసీదు రాయించుకోండి. అందులో కిలోమీటర్లు, ప్రమాదం జరగలేదన్న మాట, చలానాలు వాళ్ళే కడతారన్న మాట రాయించండి. వ్యాపారి దగ్గర కొంటుంటే ఒకటి అడగండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని కేంద్ర నిబంధన ఉంది.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 సంతకాలు కావాలి. కొన్నవాళ్ళు 30 రోజుల్లోగా దరఖాస్తు చెయ్యాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్.ఓ.సి. కావాలి, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టాలి. ఢిల్లీ బండి లక్ష తక్కువకి వస్తోందని మురిసేవాళ్ళు ఈ టాక్సు కూడా కలిపి చూసుకోవాలి. ఇన్సూరెన్స్ మన పేరున మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి. లేకపోతే మన బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిం దగ్గర పేచీ వస్తుంది.

బండి అమ్మే సోదరీమణులకి కూడా ఒక మాట. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత ఆర్.సి.లో పేరున్న మనిషి మీదే పడుతుందని 2018లో సుప్రీం కోర్టు చెప్పింది. "తాళాలు ఇచ్చేశాం కదా" అంటే చెల్లదు.

కత్తిరించి దాచుకోండి

1. అసలు ఆర్.సి., అమ్మే మనిషి గుర్తింపు కార్డు.
2. మూడేళ్ళ ఇన్సూరెన్స్ పాలసీలు, క్లెయిం బిల్లులు.
3. సర్వీసు రికార్డు, మీటరు కిలోమీటర్లతో సరిపోల్చాలి.
4. పొల్యూషన్ సర్టిఫికెట్, టాక్సీ అయితే ఫిట్‌నెస్ కాగితాలు.
5. బ్యాంకు ఎన్.ఓ.సి., ఫారం 35.
6. చలానాలు, రీకాల్.
7. సీటు బెల్టులు, ఎయిర్ బ్యాగ్ దీపం, టైర్ల అంకెలు, స్టెప్నీ గుంట.
8. మన మెకానిక్, స్కానర్ పరీక్ష.

తణుకు సోదరీ, ఈ పేజీ మీవారికి చూపించి వాదించకండి. రెండో కాఫీ ఇచ్చేటప్పుడు "ఏవండీ, ఆ బండి పాలసీలో నో క్లెయిం బోనస్ ఎంత ఉంది?" అని మాత్రం అడిగి చూడండి. ఆయనే కాగితాలు తెచ్చి మీ చేతిలో పెడతారు. బేరం కుదిరిందో, వద్దనుకున్నారో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.

వచ్చే వారం చాలామంది అడిగిన సంగతి, చింతకాయ తొక్కు ఏడాదిపాటు రంగు మారకుండా ఎలా ఉంచుకోవాలో చెబుతాను.